పౌడర్ పోసే ముందు వేస్ట్ తీయండి

(ఒంగోలులో ప్రింటర్ సర్వీసు చేసేవాళ్ల కోసం, జిరాక్స్ సెంటర్ల వాళ్ల కోసం జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్నవాళ్లు ఈ టేబుల్ దగ్గరికి రండి. ఇది చూడండి. హెచ్‌పీ 12ఏ కార్ట్రిడ్జ్, లేజర్ ప్రింటర్‌లో పౌడర్, అంటే టోనర్, ఉండే డబ్బా. పైన ఇక్కడ టేపు అంటించి ఉంది కదా, ఆ టేపు కింద సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చిన కన్నం ఉంది. ఆ కన్నంలోంచి పౌడర్ పోశారు, టేపు వేశారు, పంపించారు. ఎన్నిసార్లు పోశారో తెలియదు గానీ వేస్ట్ అర, అంటే కాగితం మీదికి పోకుండా మిగిలిన పౌడర్ చేరే అర, మాత్రం ఒక్కసారి కూడా తెరవలేదు. ఇప్పుడు తెరుస్తున్నాను. లోపల గట్టిగా దట్టించి ఉంది, వేలు పెడితే దిగడం లేదు. ఇక కొత్తగా వచ్చే వేస్ట్‌కు చోటు ఎక్కడుంది? డ్రమ్ మీదికి వస్తుంది, అక్కడి నుంచి కాగితం మీదికి, ప్రింటర్ లోపలికి రాలుతుంది. కస్టమర్ వచ్చి "రీఫిల్లింగ్ చేయిస్తే ప్రింటర్ పాడైపోయింది" అంటాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇదే. పౌడర్ పోయడం ఐదు నిమిషాల పని, అది ఎవరైనా చేస్తారు. వేస్ట్ తీయడం, బ్లేడు చూడటం, రోలర్లు తుడవడం, ఆ కార్ట్రిడ్జ్‌కు సరిపోయే పౌడరే వాడటం, మనం డబ్బు తీసుకునేది ఈ పనులకు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తేనే ఏ తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోగలం. ఆకుపచ్చగానో నీలంగానో మెరిసేది డ్రమ్. దాని మీద ఆనుకుని తిరిగే నల్ల రబ్బరు రోలర్ పీసీఆర్, అంటే ఛార్జ్ రోలర్. అది డ్రమ్ మీద నెగటివ్ ఛార్జ్ పరుస్తుంది, సుమారు 600 వోల్టులు. లేజర్ కాంతి అక్షరం ఉన్నచోట పడి ఆ ఛార్జ్‌ని బాగా దించేస్తుంది. పౌడర్ అరలోంచి పౌడర్ పట్టి తెచ్చే మ్యాగ్ రోలర్ మీదున్న పౌడర్‌కు కూడా నెగటివ్ ఛార్జే ఉంటుంది కాబట్టి, ఛార్జ్ దిగిన చోటికే అది దూకుతుంది. కాగితం కింద ఉండే ట్రాన్స్‌ఫర్ రోలర్ పాజిటివ్‌తో పౌడర్‌ను కాగితం మీదికి లాగుతుంది. తర్వాత ఫ్యూజర్ వేడికి, ఒత్తిడికి అది కరిగి అతుక్కుంటుంది. కాగితం మీదికి పోకుండా డ్రమ్ మీదే మిగిలిన పౌడర్‌ను వైపర్ బ్లేడు గీకి వేస్ట్ అరలో వేస్తుంది. పోసిన పౌడర్‌లో సుమారు పదో వంతు ఇట్లా వేస్ట్‌లోకి చేరుతుందని లెక్క పెట్టుకోండి. అంటే మూడు నాలుగు రీఫిల్లింగులు వేస్ట్ తీయకుండా చేస్తే ఏమవుతుందో ఇందాక చూశారు.

ఇదే సూత్రం నుంచి ఇంకో మాట. పీసీఆర్‌కు కాంటాక్ట్ అందకపోతే డ్రమ్ మీద ఛార్జే ఉండదు. డ్రమ్ మొత్తం లేజర్ పడినట్టే ఉంటుంది. అప్పుడు పేజీ అంతా నల్లగా వస్తుంది. చాలామంది పేజీ నల్లగా రాగానే పౌడర్ ఎక్కువైందని మళ్లీ విప్పి పౌడర్ తగ్గిస్తారు. అది కాదు, పీసీఆర్ చివర షాఫ్ట్ కూర్చునే నల్లటి హోల్డర్ చూడండి. చాలాసార్లు తప్పు ఆ కాంటాక్ట్‌లోనే ఉంటుంది.

పౌడర్ సంగతికి వద్దాం. మన జిల్లాల్లో ఎక్కువ తిరిగే కార్ట్రిడ్జ్‌లు చెప్తాను. 12ఏ: 1020, 1018, ఎం1005 లాంటి ప్రింటర్లకు. కానన్ ఎల్‌బీపీ 2900కి వచ్చే 303 కార్ట్రిడ్జ్ కూడా దాని తోబుట్టువే. 88ఏ: పీ1007, పీ1008, పీ1108, ఎం1136 లాంటివాటికి. కంపెనీ లెక్కలో 12ఏకు 2000 పేజీలు, 88ఏకు 1500 పేజీలు. ఈ లెక్క పేజీలో నూటికి ఐదు వంతులు మాత్రమే నలుపు ఉన్నప్పటిది. 12ఏకు 100 గ్రాముల దాకా పౌడర్ పడుతుంది, 88ఏకు 60 నుంచి 70 చాలు.

ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేద్దాం. 100 గ్రాములకు 2000 పేజీలంటే పేజీకి 50 మిల్లీగ్రాములు. అదీ ఐదు శాతం నలుపుకు. పేజీ మొత్తం నలుపైతే ఇరవై రెట్లు, అంటే ఒక గ్రాము. ఎం1005 మీద ఆధార్ కార్డు కాపీ తీస్తూ మూత తెరిచి పెడతారు చూడండి, కార్డు చుట్టూ కాగితమంతా నల్లగా వస్తుంది, అక్కడ గ్రాముకు దగ్గరగా పోతుంది. కస్టమర్ "మీరు పౌడర్ తక్కువ పోశారు, ఐదొందల పేజీలకే అయిపోయింది" అని వస్తే గొడవ పెట్టుకోకండి. ఆయన తీసిన కాపీ ఒకటి తెమ్మని, ఈ లెక్క చూపించండి. కార్డు పెట్టి మూత వేయమనండి. పాస్‌బుక్కు లాంటి మందమైనదైతే పైన తెల్ల కాగితం కప్పమనండి. రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర దస్తావేజు లేఖరులు ప్రింటు తీసే పేజీలు కూడా అంతే. అవి కిక్కిరిసిన అక్షరాల పేజీలు, ఐదు శాతంలో ఆగవు. కార్ట్రిడ్జ్ ఇచ్చేటప్పుడే ఆ సంగతి చెప్పండి.

ఎక్కువ పోస్తే ఎక్కువ పేజీలు వస్తాయి కదా అని కొంతమంది 88ఏలో 100 గ్రాముల సీసా మొత్తం వంచేస్తారు. లోపల పౌడర్ కదలడానికి చోటు కావాలి. కూరితే కలిపే కడ్డీ తిరగక మోటారు మీద బరువు పడుతుంది, మ్యాగ్ రోలర్ చివరి సీళ్ల మీద ఒత్తిడి పెరిగి రెండు పక్కల నుంచీ కారుతుంది. పేజీ అంచుల్లో నల్ల మచ్చలొస్తే ముందు ఇదే అనుమానించండి.

ఇక పౌడర్ రకం. హెచ్‌పీ, కానన్‌లలో మనం ఇక్కడ చెప్పుకునేవన్నీ అయస్కాంతపు పౌడర్‌తో పనిచేస్తాయి. ప్లాస్టిక్ రెసిన్‌లో ఇనుప ఆక్సైడ్ కలిసి ఉంటుంది. బ్రదర్, శాంసంగ్ పౌడర్లలో ఆ ఇనుము ఉండదు. సీసా మీద లేబుల్ చిరిగిపోయినా, ఏ సీసా ఏదో కలిసిపోయినా, ఇదిగో ఇట్లా చేయండి. తెల్ల కాగితం మీద చిటికెడు పౌడర్, కాగితం కింద స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం. కదిపితే ముళ్లు ముళ్లుగా లేచి వెంట వస్తోందా? హెచ్‌పీ తరహా. కదలకుండా పడుందా? బ్రదర్, శాంసంగ్ తరహా. అర నిమిషం పని. ఇది చేయకుండా అయస్కాంతం పట్టని పౌడర్ 12ఏలో పోస్తే మ్యాగ్ రోలర్ దాన్ని పట్టదు, ప్రింటర్ లోపలంతా పొగలా పడుతుంది. దాన్ని శుభ్రం చేయడానికి ఒక పూట పోతుంది.

అయస్కాంతపు పౌడర్లలో కూడా 12ఏది 88ఏలో పోయకూడదు. కరిగే వేడి వేరు, ఛార్జ్ పట్టే తీరు వేరు. చలికాలం పొద్దున ప్రింటు తీసి వేలితో రుద్దితే చెరిగిపోతుందంటే సగం సార్లు ఫ్యూజర్ బాగానే ఉంటుంది, పౌడరే ఆ మెషీన్‌ది కాదు. "యూనివర్సల్" అని రాసున్న సీసాతో పని నడవచ్చు, కానీ ఒక షాపులో ఒకే కంపెనీ పౌడర్, మోడల్‌కు విడిగా, వాడుతూ పోవడం మంచిది. రెండు కంపెనీల పౌడర్లు లోపల కలిస్తే ఒకదాని ఛార్జ్ ఇంకోదాన్ని పాడుచేసి పేజీ అంతా బూడిద రంగు కమ్ముకుంటుంది. అందుకే పాత పౌడర్ మిగిలి ఉంటే పూర్తిగా దులిపి పోయాలి.

ఇప్పుడు విప్పుదాం. 12ఏ తీసుకుంటాను.

ముందు డ్రమ్ మీది మూత, దాని స్ప్రింగు. స్ప్రింగు ఎటు తిరిగి ఎక్కడ పడిందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, మొహమాటం వద్దు. తర్వాత రెండు పక్కలా ఉన్న పిన్నులు. ఇవే కార్ట్రిడ్జ్‌ను రెండు సగాలుగా పట్టి ఉంచేవి. ఒక సగంలో డ్రమ్, పీసీఆర్, వైపర్ బ్లేడు, వేస్ట్ అర. రెండో సగంలో పౌడర్ అర, మ్యాగ్ రోలర్, దాని మీద పౌడర్‌ను పలచగా పరిచే డాక్టర్ బ్లేడు. కంపెనీవాటిలో పిన్నులు బిగుతుగా ఉంటాయి, బయటివాళ్లు చేసిన కాంపాటిబుల్ వాటిలో సులువుగా వస్తాయి. రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి చీల్చకండి. ప్లాస్టిక్ ఒక్క మిల్లీమీటరు వంగినా తర్వాత డ్రమ్, మ్యాగ్ రోలర్ మధ్య దూరం మారి ఒకపక్క ముదురు, ఒకపక్క పలచన వస్తుంది.

డ్రమ్‌ను చివర్ల గేరు దగ్గరే పట్టుకోండి, మెరిసే భాగానికి వేలు తగలకూడదు. తీసిన వెంటనే నల్ల గుడ్డలోనో దళసరి కాగితంలోనో చుట్టి సొరుగులో పెట్టండి. వెలుతురులో ఉంచితే డ్రమ్ డల్ అవుతుంది. కిటికీ పక్క బల్ల మీద పెట్టి ఫోన్ మాట్లాడుకుంటూ ఉండటం మనం చాలా షాపుల్లో చూస్తాం. డ్రమ్‌కు స్పిరిట్ తగలనివ్వకండి. మెత్తటి పొడిగుడ్డతో నెమ్మదిగా తుడిస్తే చాలు.

పీసీఆర్ కూడా అంతే. దానికి ఆల్కహాల్ రాస్తే పైన ఉన్న వాహక పూత పోతుంది. కొద్దిగా నీళ్లు తగిలించి పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. గోరుతో నొక్కి చూడకండి, గుంట పడితే ప్రతి చుట్టుకూ ఒక మచ్చ కాగితం మీద పడుతుంది.

వైపర్ బ్లేడు రెండు స్క్రూలు తీసి, బ్లేడు ఎత్తండి. ఇప్పుడు వేస్ట్ అర పూర్తిగా తెరుచుకుంది. ఊదకండి. కంప్రెసర్ గాలి కొట్టకండి. ఈ పౌడర్ రేణువు ఐదు నుంచి పది మైక్రాన్లు ఉంటుంది, గాలిలో చాలాసేపు తేలుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షాపు ముందు రోడ్డు మీద కార్ట్రిడ్జ్ పట్టుకుని గాలి కొడుతుంటారు, పక్కన టీ కొట్టు ఉంటుంది. అది మానేయాలి. కార్ట్రిడ్జ్‌ను మందమైన కవరు లోపలే వంచి నెమ్మదిగా తట్టి వేస్ట్ దులపండి, మిగిలింది మెత్తటి బ్రష్‌తో. ఎన్-95 మాస్కు పెట్టుకోండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పనికిరాదు. దాని ఫిల్టర్‌లోంచి ఈ పౌడర్ వెనక నుంచి బయటికి వస్తుంది, మోటారులోంచి పోతుంది, గొట్టంలో స్టాటిక్ పుడుతుంది. సన్నటి మండే పొడి, నిప్పురవ్వ రెండూ ఒకచోట ఉండకూడదు. టోనర్ కోసం చేసిన వాక్యూమ్‌లు విడిగా దొరుకుతాయి. రోజుకు పది కార్ట్రిడ్జ్‌లు చేసే షాపుకు అది కొనడం గిట్టుబాటే.

వైపర్ బ్లేడు అంచును వెలుతురుకు పట్టి చూడండి. ఒక్క చిన్న గాటు ఉన్నా పేజీ పొడవునా సన్నటి నల్ల గీత వస్తుంది. గాటున్న బ్లేడు తుడిస్తే బాగుపడదు, మార్చాలి. బాగుంటే తుడిచి, అంచుకు కొద్దిగా డ్రమ్ పౌడర్ రాయండి. జింక్ స్టియరేట్ అని చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. కొత్త డ్రమ్ వేస్తే ఇది తప్పదు. పొడి బ్లేడు కొత్త డ్రమ్ మీద పట్టేసి మడత పడుతుంది, కీచుమని శబ్దం వస్తుంది. బిగించాక డ్రమ్‌ను చేత్తో అది పనిచేసే దిక్కులోనే రెండు చుట్లు తిప్పండి. వెనక్కి తిప్పారో, బ్లేడు అంచు తిరగబడుతుంది.

రెండో సగం. మ్యాగ్ రోలర్ చివర ఉన్న స్క్రూ తీసి పక్క క్యాపు తీయండి. మ్యాగ్ రోలర్ లోపల ఒక అయస్కాంతపు కడ్డీ ఉంటుంది, అది తిరగదు. బయటి గొట్టం మాత్రమే తిరుగుతుంది. కడ్డీ చివర ఒకవైపు చదునుగా చెక్కి ఉంటుంది, అది క్యాపులోని గాడిలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే కడ్డీ కూడా గొట్టంతో పాటు తిరుగుతుంది, లేదా దిక్కు మారుతుంది. కొత్త పౌడర్ పోసినా ప్రింటు డల్‌గానే వస్తుంది. దీనికి కారణం వెతుకుతూ డ్రమ్ మార్చేవాళ్లు ఉన్నారు, డ్రమ్ ఖర్చు కస్టమర్ మీద పడుతుంది. మ్యాగ్ రోలర్‌ను దూది పోగులు రాలని పొడిగుడ్డతోనే తుడవండి. డాక్టర్ బ్లేడు అంచు కింద పౌడర్ గడ్డకట్టి ఉంటే పేజీలో నిలువుగా తెల్ల చార వస్తుంది. విజిటింగ్ కార్డు అంచుతో ఒక చివరి నుంచి ఇంకో చివరికి లాగితే అది ఊడి వస్తుంది. ఇనుప వస్తువు వాడకండి.

పౌడర్ పోసే ప్లగ్ 12ఏలో పక్క క్యాపు కింద ఉంటుంది. ప్లగ్ లేని కార్ట్రిడ్జ్‌లలో మ్యాగ్ రోలర్, డాక్టర్ బ్లేడు తీసి ఆ సందులోంచే పోయాలి. కన్నం కాల్చడం ఎందుకు వద్దంటున్నానంటే, కరిగిన ప్లాస్టిక్ ముక్కలు లోపలే పడతాయి, అవి పౌడర్ కలిపే కడ్డీకో డాక్టర్ బ్లేడుకో అడ్డుపడతాయి. పోసే ముందు సీసాను బాగా ఊపండి. తూకం ఉంటే కార్ట్రిడ్జ్‌ను దులిపాక ఒకసారి, పోశాక ఒకసారి తూయండి, తేడా ఎంతో రసీదు మీద రాయండి. ఆ ఒక్క అంకె కస్టమర్‌కు మన మీద నమ్మకం తెస్తుంది.

బిగించేటప్పుడు డ్రమ్ షాఫ్ట్ తగిలే చోట, పీసీఆర్ కాంటాక్ట్ దగ్గర పాత నల్లబడ్డ గ్రీజు తుడిచి, ఆవగింజంత వాహక గ్రీజు పెట్టండి. మామూలు గ్రీజు కాదు. డ్రమ్ ఎర్త్ సరిగ్గా తగలకపోతే పేజీలో అడ్డంగా నల్లటి పట్టీలు, మధ్య దూరం ఒక లెక్క లేకుండా వస్తాయి. మూత పెట్టేశాక ఎడమకూ కుడికీ ఐదారుసార్లు ఊపి, గేరు తిప్పి, కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి. ఒక్క చుక్క రాలినా మళ్లీ చూడాలి. తర్వాత ఒక తెల్ల పేజీ, ఒక అక్షరాల పేజీ, ఒక నల్ల పేజీ, ఒక బూడిద రంగు పేజీ తీసి చూసి ఇవ్వండి. బూడిద రంగు పేజీలో తప్పులు బయటపడినట్టు అక్షరాల పేజీలో పడవు.

(సభలోంచి ప్రశ్న: ఒకే దూరంలో మచ్చలు వస్తుంటే ఏ పార్టో ఎట్లా తెలుస్తుంది?)

స్కేలు పెట్టండి. మచ్చ నుంచి మచ్చకు 75 మిల్లీమీటర్ల దూరం ఉంటే డ్రమ్. ఎందుకంటే ఈ డ్రమ్ వ్యాసం 24 మిల్లీమీటర్లు, దాన్ని 3.14తో గుణిస్తే అదే వస్తుంది. 12ఏలో సుమారు 38 ఉంటే పీసీఆర్. మిగతా రోలర్లకు కూడా వెర్నియర్‌తో మందం కొలిచి 3.14తో గుణించి షాపు గోడ మీద రాసి పెట్టుకోండి. ఒక్క మ్యాగ్ రోలర్ దగ్గర ఈ లెక్క సరిపోదు, అది డ్రమ్ కంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి మచ్చల దూరం దాని చుట్టుకొలత కంటే తక్కువగా పడుతుంది. అక్షరాల నీడ 75 మిల్లీమీటర్ల కింద మళ్లీ లేతగా కనబడితే బ్లేడు సరిగ్గా గీకడం లేదు, లేకపోతే డ్రమ్ అలిసిపోయింది, ఫ్యూజర్ తప్పు కాదు.

తప్పు కార్ట్రిడ్జ్‌దా, ప్రింటర్‌దా అని తేలకపోతే, కాగితం సగం లోపల ఉండగా మూత తెరిచి ఆపేయండి. డ్రమ్ మీద కాగితం తగలబోయే ముందు భాగంలో అక్షరాలు ముదురుగా కనబడితే కార్ట్రిడ్జ్ పని బాగా జరిగింది, ట్రాన్స్‌ఫర్ రోలరో ఫ్యూజరో చూడండి. డ్రమ్ మీదే లేతగా ఉంటే మళ్లీ మన బల్ల మీదికే రావాలి.

(ప్రశ్న: డ్రమ్ ఎన్ని రీఫిల్లింగులకు మార్చాలి?)

అంకె చెప్తే అబద్ధం అవుతుంది. కంపెనీ డ్రమ్ మంచిదైతే రెండు మూడు సార్లు తట్టుకుంటుంది. తీసిన ప్రతిసారీ రెండు చివర్లూ చూడండి. ఈ పూత కొన్ని పదుల మైక్రాన్లే. చివర్లలో రంగు పోయి కింద అల్యూమినియం మెరుస్తుంటే పేజీ అంచుల వెంట నల్ల గీతలు రావడం మొదలైనట్టే. మధ్యలో గీతలు పడి, అవి ప్రింటులో కనబడితే కూడా మార్చాలి. కనబడని గీతకు మార్చనక్కర్లేదు. మార్చిన పాత డ్రమ్ కస్టమర్‌కు చూపించండి.

ఈ గీతల విషయంలో మన జిల్లాలో ఒక ప్రత్యేకత ఉంది. చీమకుర్తి, దాని చుట్టుపక్కల గ్రానైట్ ఆఫీసుల నుంచి వచ్చే ప్రింటర్లు విప్పితే లోపల బూడిద రంగు దుమ్ము ఉంటుంది. అది రాతి దుమ్ము, గట్టిది. కాగితంతో పాటు లోపలికి వెళ్లి బ్లేడుకూ డ్రమ్‌కూ మధ్య ఇరుక్కుంటే డ్రమ్ చుట్టూ గీత పడిపోతుంది. అక్కడి కస్టమర్లకు ఎంత మంచి డ్రమ్ వేసినా లాభం లేదు. ప్రింటర్ తలుపు పక్కన ఉందా, ట్రేలో కాగితం తెరిచి పెట్టారా అడగండి, గుడ్డ కవర్ వేయించండి, కాగితం లాగే పికప్ రోలర్, కాగితం నడిచే దారి ప్రతి రీఫిల్లింగ్‌కూ తుడవండి. టంగుటూరు, కొండపి లాంటి పొగాకు వేలం కేంద్రాల దగ్గర దుమ్ము మెత్తనిది, అది గీకదు గానీ పికప్ రోలర్‌ను జారేలా చేస్తుంది. కాగితం లాగడం లేదన్న ఫిర్యాదు వస్తుంది.

వాతావరణం కూడా అంతే. రోహిణి కార్తెలో కార్ట్రిడ్జ్‌ను బైకు డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నం ఊరంతా తిరగకండి. ఈ పౌడర్ 55, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది, ఎండలో నిలిపిన బండి డిక్కీ ఆ దగ్గరికి పోగలదు. గడ్డకట్టిన పౌడర్ ఎంత ఊపినా మళ్లీ మామూలు కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు వైపు వానలు, ఇక్కడ కొత్తపట్నం దాకా సముద్రపు తేమ. కాగితం తేమ పడితే ఛార్జ్ నిలవదు, పౌడర్ సరిగ్గా ఎక్కదు, కాగితం చుట్టుకుపోతుంది. ఆ నెలల్లో "ప్రింటు పలచగా వస్తోంది" అన్న ఫోన్ రాగానే కార్ట్రిడ్జ్ విప్పొద్దు. కొత్త కట్ట తెరిచి పది కాగితాలు పెట్టి చూడమనండి. పౌడర్ సీసా మూత కూడా బిగించి ఉంచాలి.

బ్రదర్ సంగతి క్లుప్తంగా. అందులో టోనర్ వేరు, డ్రమ్ యూనిట్ వేరు. టీఎన్-2365 టోనర్‌కు 2600 పేజీలు, డ్రమ్‌కు 12,000 అని కంపెనీ లెక్క. వేస్ట్ అర ఉండదు, మిగిలిన పౌడర్ మళ్లీ వెనక్కే పోతుంది. అందుకే ఇందులో నాసిరకం పౌడర్ పోస్తే తొందరగా పేజీ అంతా బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్ వస్తుంది, పాతది పూర్తిగా దులపకుండా పోయనే కూడదు. పక్కనున్న ప్లగ్ తీసి పోయాలి, తర్వాత పేజీల లెక్కను మళ్లీ మొదటికి తెచ్చే రీసెట్ గేరును మొదటి చోటికి తిప్పి పెట్టాలి. ప్రింటర్‌తో పాటు వచ్చే స్టార్టర్ టోనర్‌లో ఆ గేరు ఉండదు. పౌడర్ పోసినా "టోనర్ మార్చండి" అనే చూపిస్తుంటే కారణం ఇదే, గేరు కిట్ విడిగా కొని వేయాలి. డ్రమ్ యూనిట్ మీద, లోపలి తీగను తుడిచే ఆకుపచ్చ ట్యాబ్‌ను అటూ ఇటూ పది పదిహేనుసార్లు జరిపి, మళ్లీ బాణం గుర్తు దగ్గరికే తెచ్చి వదలండి. మధ్యలో వదిలేస్తే పేజీ మీద నిలువు నల్ల గీత వస్తుంది. ఈ ఒక్క ముక్క ఫోన్లోనే చెప్పి సరిచేయగలిగే ఫిర్యాదులు చాలా ఉంటాయి.

ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ను గుర్తుపట్టడానికి దాని మీద పెట్టే చిప్‌ల గురించి అందరికీ ఆదుర్దా ఉంది. 12ఏలో చిప్ లేదు. 88ఏలో ఉంది, కానీ ఆ తరం ప్రింటర్లు ఖాళీ అని చూపించినా ప్రింటు చేస్తూనే ఉంటాయి. కొత్త మోడళ్లు కొన్ని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత బయటి చిప్‌ను ఒప్పుకోవు, హెచ్‌పీ దీన్ని డైనమిక్ సెక్యూరిటీ అని తనే ప్రకటించింది. కస్టమర్ కొత్త ప్రింటర్ కొనబోతూ అడిగితే ఈ సంగతి ముందే చెప్పడం మన బాధ్యత. రీఫిల్లింగ్ చేయడం నేరం కాదు. కానీ రీఫిల్ చేసినదాన్ని కంపెనీ పెట్టెలో పెట్టి కొత్తదని అమ్మడం ట్రేడ్‌మార్క్ చట్టం కింద నేరం. అట్లా అమ్మేవాళ్ల వల్లే నిజాయితీగా చేసేవాళ్ల మీద కూడా అనుమానం పడుతోంది. మీ స్టిక్కర్ వేయండి, తేదీ రాయండి, ఏం మార్చారో రాయండి.

(ప్రశ్న: వేస్ట్ పౌడర్‌ను జల్లించి మళ్లీ వాడొచ్చా? కొందరు అట్లా చేస్తున్నారు.)

వద్దు. జల్లెడలో కాగితపు పీచు ఆగుతుంది, సన్నటి కాగితపు దుమ్ము ఆగదు. ఛార్జ్ నిలపడానికి పౌడర్ రేణువు మీద సన్నటి సిలికా పూత ఉంటుంది, ఒకసారి డ్రమ్ మీద తిరిగి వచ్చినదానిలో అది అరిగిపోయి ఉంటుంది. అది కలిపితే బ్యాక్‌గ్రౌండ్ బూడిదగా వస్తుంది, డ్రమ్ గీరుకుంటుంది. మిగిలే డబ్బు కంటే తిరిగొచ్చే కార్ట్రిడ్జ్‌లే ఎక్కువ.

(ప్రశ్న: మరి ఆ వేస్ట్ ఎక్కడ పారేయాలి?)

కాల్చకండి. మురుగు కాలవలో కలపకండి. మందమైన ప్లాస్టిక్ కవర్లో పోసి, మూతి కట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లనూ చేర్చారు. పాడైన డ్రమ్ములు, విరిగిన కార్ట్రిడ్జ్‌లు, ఈ వేస్ట్ సంచులు ఒక పెద్ద డబ్బాలో జమచేసి, రిజిస్టరైన రీసైక్లర్‌కు ఇవ్వండి. ఒక్క షాపు సరుకు కోసం వాళ్ల బండి రాదు. మీరు పది షాపులు కలిసి ఒకచోట చేరిస్తే వస్తుంది. నేల మీద పౌడర్ పడితే చీపురు పెట్టకండి, తడిగుడ్డతో ఎత్తండి. బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లతో ఉతకండి, వేన్నీళ్లు తగిలితే అది బట్టకు అతుక్కుపోతుంది.

ఇప్పుడు ఒక్కో టేబుల్ దగ్గర నలుగురు చొప్పున కూర్చోండి. ప్రతి టేబుల్ మీద ఒక 12ఏ, ఒక 88ఏ పెట్టాం. ముందు మాస్కులు పెట్టుకోండి, తర్వాత వేస్ట్ అర తెరిచే దాకా చేసి నన్ను పిలవండి.